శ్రుతి తప్పని ఫ్రిజ్

మా వీధి మలుపులో టీ కొట్టు, దాన్ని ఆనుకునే నా క్షవరం దుకాణం. రెంటికీ మధ్య గోడ నడుం ఎత్తు వరకే ఉంటుంది. అక్కడ బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ నా అద్దంలో కనబడతారు. మధ్యాహ్నం పూట నాకు గిరాకీ ఉండదు కాబట్టి బ్యాండు మాస్టారు నోరు విప్పినప్పుడల్లా మొదటి మాట నుంచి చివరి మాట దాకా వినే భాగ్యం నాకే దక్కుతుంది.

మాస్టారు పెళ్ళి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయిస్తారు. ఆయన వెనక డోళ్ళూ బాకాలూ కలిపి పెద్ద బృందమే ఉంది. మనిషి ఊపిరి పెద్దది, మీసం దానికన్నా పెద్దది, మాట ఆ రెంటికన్నా పెద్దది. ఆ మీసాన్ని పది రోజులకోసారి దిద్దేది నేనే. తక్కిన గడ్డమంతా కలిపి ఎంతసేపు పడుతుందో ఆ మీసానికొక్కదానికే అంతసేపు పడుతుంది.

ఆ రోజు బల్ల మీద ముగ్గురున్నారు. మాస్టారు, మాస్టారింటి మేడ మీద అద్దెకుండే దర్జీ, డ్యూటీ దిగి వచ్చిన బస్సు డ్రైవరు. డ్రైవరు టీ చేతికి తీసుకుని తాగకుండా కూర్చున్నాడు.

"ఏమయ్యా, అంత దిగులేంటి?" అన్నాడు టీ కొట్టాయన.

"మా ఫ్రిజ్ పోయేలా ఉందన్నా. పన్నెండేళ్ళయింది కొని. మోటారు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, సాయంత్రానికి చూస్తే పాలు విరిగిపోతున్నాయి. రెండుసార్లు గ్యాసు నింపించాను. ఇక దీన్ని పట్టుకుని వేలాడకు, మార్చెయ్యి అన్నాడు మెకానిక్. ఈ సాయంత్రం దుకాణంవాళ్ళ బండి కొత్తది తెస్తుంది. మా అత్తగారి సూది మందులు చల్లగా ఉండాలి కదా, అందుకని సరే అన్నాను. కానీ మనసొప్పడం లేదు. పాడైందని పారేసుకుంటూ పోతే ఎలా?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన గ్లాసు కింద పెట్టారంటే ఇక ఆ టీ చల్లారిపోయినట్టే.

"పన్నెండేళ్ళకే మార్చేస్తావా? పన్నెండేళ్ళంటే ఫ్రిజ్‌కి ఇంకా మీసాలు మొలవని వయసయ్యా. మా ఇంట్లో ఫ్రిజ్ ఎప్పటిదనుకున్నావు? మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు కొన్నాను, ఇప్పుడు ఆ పిల్ల కూతురు నా క్లారినెట్ లాక్కుని ఊదుతోంది. అదే మోటారు, అదే తలుపు, లోపల దీపం కూడా అదే. మెకానిక్కులకేం తెలుసు, వెనక్కి వెళ్ళి బూజు దులుపుతారు, చెయ్యి పెట్టి వేడి చూస్తారు, పెదవి విరుస్తారు. నేను చెవి పెట్టి వింటాను. ఫ్రిజ్ ఆరోగ్యమంతా దాని గొంతులో ఉంటుంది. మాది 'మ్‌మ్‌మ్' అని పాడుతుందే, అది నిఖార్సయిన శ్రుతి. పొద్దున సాధన చేసేటప్పుడు నా క్లారినెట్ దాంతోనే సరిచూసుకుంటాను. పెద్ద పెళ్ళి ఉందంటే మా బృందమంతా మా వంటింట్లోకొచ్చి, దాని ముందు వరసగా నిలబడి, శ్రుతి కలుపుకుని మరీ బయల్దేరుతుంది. అది శ్రుతి తప్పిన రోజున మారుస్తాను. అంతవరకూ ముట్టుకోను."

"పక్కన స్టెబిలైజరు కూడా ఉందిగా మీకు?" అన్నాడు టీ కొట్టాయన.

"కరెంటు ఎగుడుదిగుళ్ళని సర్దే పెట్టె అది, దాని సంగతెందుకిప్పుడు? కచేరీ సంగతి మాట్లాడుతుంటే తంబురా పెట్టే గుడ్డసంచీ గురించి అడుగుతావేం? సరే విను డ్రైవరూ. నాలుగేళ్ళ కిందట వేసవిలో మా ఫ్రిజ్‌కీ చిన్న నలత చేసింది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాను, జారి వచ్చేసింది. అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టు వదిలేసిందన్నమాట, చల్లదనమంతా కారిపోతోందన్నమాట. మెకానిక్ వచ్చి ఇంత పాతదానికి రబ్బరు దొరకదు, మార్చెయ్యండి అన్నాడు. నేను వాణ్ణి గుమ్మం దాకా సాగనంపి, నా పాత సైకిలు ట్యూబు తీసి, నిలువునా కోసి, తలుపు చుట్టూ నాలుగు వైపులా అతికించాను. అంతే."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు. అతని మొహంలో కాస్త వెలుగు కనబడింది.

"అంతే అంటే అయిపోయిందనుకున్నావా? ఆ తర్వాతే మొదలైంది. మర్నాడు పొద్దున మా ఆవిడ పాలకోసం తలుపు లాగితే రాలేదు. నేను లాగాను, రాలేదు. ఎంత బిగువుగా పట్టిందంటే, చీమ కూడా లోపలి నుంచి తల బయటపెట్టలేదు. అల్లుడు వచ్చి లాగాడు, పిడికి వేళ్ళు అంటుకుపోయాయి. చివరికి బృందాన్ని పిలిచాను. పెద్ద డోలు మోసే తోలు పట్టీ తెచ్చి పిడికి కట్టాం, బాకాలవాళ్ళు ఒక పక్క, డోళ్ళవాళ్ళు ఒక పక్క, నేను ముందు నిలబడి తాళం వేశాను. ఒకటీ, రెండూ, మూడూ. తలుపు తెరుచుకుంది. ఏం జరిగిందో చెప్పుకోండి చూద్దాం."

దర్జీ గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు, చక్కెర ఎప్పుడో కరిగిపోయినా తిప్పుతూనే ఉన్నాడు.

"రాత్రంతా లోపల బిగబట్టుకున్న చల్లదనం ఒక్కసారి బయటికొచ్చింది. వంటింటి కిటికీ తెర గాలికి ఎటు ఎగిరిందో అటే బిగుసుకుపోయి నిలబడింది. డోళ్ళవాడు తుమ్మబోయి నోరు తెరిచాడు, ఆ తుమ్ము మధ్యాహ్నానికి గానీ బయటికి రాలేదు. చల్లదనం మా గుమ్మం దాటి వీధిలో పడింది. ఎలాంటి వేసవి అది, గుర్తుందిగా, రోడ్డు మీద తారు కరిగి చెప్పులు ఊడొచ్చేవి. అలాంటి రోజున ఇస్త్రీ బండిలో నిప్పులు నల్లబడ్డాయి. మేడల మీద ఆరేసిన చొక్కాలు చేతులు చాపి అట్టముక్కల్లా గట్టిపడ్డాయి. ఇదిగో, ఈ దర్జీనే అడగండి, ఆ చొక్కాలు వేసుకోబోతే విరిగిపోతున్నాయని జనం ముక్కలు పట్టుకుని ఇతని దగ్గరికి వరస కట్టారు."

"నేనప్పటికి ఇంకా అద్దెకి దిగలేదండీ," అన్నాడు దర్జీ మెల్లగా.

"నీ ముందున్న దర్జీ అయ్యా. మీ కుట్టుపనివాళ్ళందరూ ఒకలాగే ఉంటారు."

"నా ముందు అందులో ఉన్నది స్కూలు టీచరు..."

"ఆవిడకీ కుట్టు వచ్చు. మాటకి అడ్డు రాకు."

"మాస్టారూ, ఆ రోడ్డు మీద రోజూ బస్సు తోలేది నేనే. నాకు తెలియలేదే?" అన్నాడు డ్రైవరు.

"ఆ వారం నీకు సెలవు."

"నాకెప్పుడిచ్చారు సెలవు?"

"చలికి ఇంజన్లు అంటుకోక అందరికీ ఇచ్చారు. నువ్వు దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంటావు, నీకెలా తెలుస్తుంది?" మాస్టారు మీసం ఒకసారి దువ్వుకున్నారు. "సరే, ఇంతలో ఊరంతా కరెంటు పోయింది. పంకాలు ఆగాయి, దీపాలు ఆగాయి, ఆస్పత్రిలో జనరేటరు కూడా మొండికేసింది. మా ఫ్రిజ్ ఆగిందా? ఆగలేదు. ఇన్నేళ్ళు నడిచిందానికి ఆగడం ఎలాగో తెలియదు కదా, అలవాటు కొద్దీ నడుస్తూనే ఉంది. నడవడమే కాదు, ఇన్నాళ్ళూ తిన్న కరెంటులో కొంత వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టింది. తీగల్లోంచి ఎదురు ప్రవహించి, మొదట మా వీధి దీపాలు వెలిగాయి, తర్వాత పక్క వీధివి, తర్వాత ఆస్పత్రిలో ఆపరేషన్ గదిలోవి. కత్తి పట్టుకుని చీకట్లో నిలబడ్డ డాక్టరు ఆ వెలుగులో కుట్లు వేసి, బయటికొచ్చి మా ఇల్లు ఎటువైపు ఉందో కనుక్కుని ఆ దిక్కుకి దణ్ణం పెట్టాడు. కరెంటాఫీసువాళ్ళు వచ్చి మా మీటరు వెనక్కి తిరగడం చూసి టోపీలు తీసేశారు."

"రోగి బతికాడా?" అన్నాడు టీ కొట్టాయన.

"బతకడమేంటి, పోయిన నెల వాళ్ళబ్బాయి పెళ్ళికి మేమే వాయించాం."

నేను నవ్వు ఆపుకోలేక కత్తెర టకటకలాడించాను. మాస్టారు అద్దంలోంచే నా వైపు చూశారు.

"నవ్వు నవ్వు. అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇలా మా ఇంటి చల్లదనం వీధికి చాలి ఊరికి చాలి, జనం ఫ్రిజ్‌లు కొనడం మానేశారు. పాలగిన్నె తెచ్చి మా అరుగు మీద పెట్టుకుంటే చాలు కదా. దుకాణాలు మూతపడ్డాయి. ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీ పెద్దాయన, వీధిలో పట్టనంత పొడుగు కారు వేసుకుని, ముందు చక్రాలు మా గుమ్మంలో వెనక చక్రాలు ఇక్కడ టీ కొట్టు దగ్గర ఉండగా దిగాడు. దిగి నా చేతులు పట్టుకున్నాడు. 'మాస్టారూ, మేం ఒక ఫ్రిజ్‌కి పది పన్నెండేళ్ళు, మహా అయితే పదిహేనేళ్ళు ఆయుష్షు పోసి పంపుతాం. ఆ తర్వాత జనం మార్చుకోవాలి, మా పిల్లలు అన్నం తినాలి. మీరిలా చేస్తే ఎలా?' అన్నాడు. నాకు జాలేసింది. మీ కొత్తది తెచ్చి పక్కన పెట్టండి, గెలిస్తే మీదే తీసుకుంటాను అన్నాను. తెచ్చారు. తళతళలాడుతోంది, తలుపు మీద అంకెలు వెలుగుతున్నాయి. మా దాని పక్కన పెట్టి మీట నొక్కారు. ఒక్క నిమిషం గుర్రుమంది. ఆ తర్వాత మా ఫ్రిజ్ శ్రుతి అందుకుంది. అంతే, మామగారి ముందు కుర్చీలో కూర్చోలేని కొత్త అల్లుడిలా, ఆ కొత్తది తన మోటారు తనే ఆపేసుకుని గోడవైపు తిరిగింది."

"తిరిగిందా?"

"కింద చక్రాలుంటాయిగా. తిరక్కేం? పెద్దాయన భోరుమన్నాడు. ఆయన కన్నీళ్ళు బుగ్గల మీదే గడ్డకట్టి ముత్యాల్లా టపటపా రాలాయి. పోనివ్వకుండా ఏరి జేబులో వేసుకున్నాడు."

"అంత వేసవిలో జేబులో కరిగిపోవూ?" అన్నాడు టీ కొట్టాయన.

"ఎలా కరుగుతాయి? తలుపు నేనింకా మూయలేదుగా."

ఇప్పుడు డ్రైవరు కూడా నవ్వాడు. మాస్టారు ఇక లేచి నిలబడ్డారు, ఆయన కూర్చుని వాయించే పాట దాటి నిలబడి వాయించే పాటలోకి వచ్చారని అర్థం.

"ఆ మాట ఎక్కడి దాకా పాకిందో తెలుసా? ఉత్తర ధ్రువం దాకా. అక్కడ మంచు కొండలు కరుగుతున్నాయి కదా, ఆ శాస్త్రవేత్తలు నాకు ఫోను చేశారు. 'మాస్టారూ, ఓ పూట తలుపు మావైపు తిప్పి పెట్టండి, చచ్చి మీ కడుపున పుడతాం' అన్నారు. మా ఆవిడ పప్పు డబ్బాలు అడ్డమొస్తున్నాయని గొణిగింది. అయినా తిప్పాను. మంచు మళ్ళీ పేరుకుందని, తెల్ల ఎలుగుబంట్లు పిల్లాపాపలతో తిరిగొచ్చాయని కబురొచ్చింది. చాలు చాలు, ఇంక మూసెయ్యండి, సముద్రం కూడా బిగుస్తోందని బతిమాలారు. మూసేశాను. మనకెందుకు ఓడలవాళ్ళ ఉసురు?"

ఆ వేగం చూస్తే చంద్రుడు ఎంతో దూరంలో లేడనిపించింది. కానీ డ్రైవరు అడ్డుపడ్డాడు. జేబులోంచి ఫోను తీసి చేతిలో పట్టుకుని, ఈసారి నవ్వకుండా అడిగాడు.

"మాస్టారూ, ధ్రువం సంగతి పక్కన పెట్టండి, ఎలుగుబంట్లని మీకే వదిలేస్తాను. ఒక్కటి చెప్పండి. ఇన్నేళ్ళ పాత ఫ్రిజ్ మీ ఇంట్లో ఇప్పటికీ నడుస్తోందన్నది మాత్రం నిజమేనా? నిజమైతే నేనూ ఓ సైకిలు ట్యూబు వేసి చూసుకుంటాను. బండి వద్దని దుకాణానికి ఇప్పుడే చెప్పేస్తాను."

"నిజమా అని అడుగుతావా?" మాస్టారి గొంతులో నొప్పి తగిలినట్టు వినబడింది. "ఈ వేసవి మొదట్లో ఇదే బల్ల మీద, ఇదిగో ఈ మంగలి సాక్షిగా చెప్పలేదూ? నా ఫ్రిజ్ ఆగిన రోజున ఈ మీసం తీయించేస్తానని పందెం కాశానా లేదా? మీసం ఉందా లేదా? ఉందంటే ఫ్రిజ్ నడుస్తున్నట్టే. ఇంకా అనుమానమైతే లేవండి. అందరూ లేవండి. ఇప్పుడే మా ఇంటికి పదండి, పళ్ళు జివ్వుమనే నీళ్ళు ఇప్పిస్తాను. తాగి వచ్చాక చెయ్యి ఆ ఫోను."

అందరం లేచాం. నేను కూడా దువ్వెన జేబులో పెట్టుకున్నాను. దర్జీ ఒక్కడే లేవలేదు.

"ఇప్పుడొద్దు మాస్టారూ," అన్నాడు. "నాలుగు దాటాక వెళ్దాం."

"నాలుగింటికి ఏముంది? మంచి ముహూర్తమా?"

దర్జీ ఒకసారి డ్రైవరు చేతిలో ఫోను వైపు చూశాడు, ఒకసారి మాస్టారి మీసం వైపు చూశాడు. కాసేపు తేల్చుకోలేకపోయాడు పాపం. చివరికి ఫోనే గెలిచింది.

"అక్కయ్య ఇంకా సీసాలు కిందికి దింపి ఉండదు," అన్నాడు. మాస్టారి భార్యని అతను అక్కయ్యా అనే పిలుస్తాడు.

"ఏ సీసాలు?"

"మీరు తాగే నీళ్ళ సీసాలు. మా ఫ్రిజ్‌లో ఉన్నాయి."

పొయ్యి మీద టీ పొంగబోయింది. టీ కొట్టాయన చూడకుండానే మంట తగ్గించాడు.

"మీ ఫ్రిజ్ మోటారు కాలిపోయింది మాస్టారూ," దర్జీ తల దించుకుని చెప్పుకుపోయాడు. "వేసవి మొదట్లోనే. మీరు పెళ్ళికి పొరుగూరు వెళ్ళినప్పుడు మెకానిక్ వచ్చి చూశాడు. వయసైపోయింది, మోటారు మార్చినా తక్కినవి ఎన్నాళ్ళుంటాయో చెప్పలేనన్నాడు. అప్పట్నుంచీ పాలూ పెరుగూ నీళ్ళూ అన్నీ మా ఇంట్లోనే. పొద్దున మీరు సాధనలో ఉన్నప్పుడు అక్కయ్య మేడెక్కి పెట్టి వెళ్తుంది, మీరు ఇక్కణ్ణుంచి బయల్దేరే లోపల దింపుకుంటుంది. మీ దాంట్లో గిన్నెలు కనబడతాయి కదా, అవి ఉప్పూ పప్పులూ. మీరు సీసా తప్ప ఇంకేదీ ముట్టుకోరు కాబట్టి సరిపోతోంది."

"దీపం వెలుగుతోందిగా?"

"దీపానికి మోటారుతో పని లేదు మాస్టారూ."

మాస్టారు మెల్లగా కూర్చున్నారు. ఇంత చిన్న గొంతు ఆయనకుందా అనిపించేలా అడిగారు.

"మరి శ్రుతి? ఈ పొద్దున కూడా విన్నాను. నిఖార్సుగా ఉంది."

"అది స్టెబిలైజరు."

అద్దంలో ఆ మీసం నాకు మొట్టమొదటిసారి అతికించినట్టు కనబడింది. డ్రైవరు ఫోను జేబులో వేసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వితే పాపం తగులుతుందన్నట్టు ఉంది అక్కడ.

"నాకెందుకు చెప్పలేదు మీ అక్కయ్య?"

"రెండుసార్లు చెప్పిందట. రెండుసార్లూ మీరు పక్కన నిలబడి చెవి ఆనించి, శ్రుతి బ్రహ్మాండంగా ఉంది, వెళ్ళి పని చూసుకో అన్నారట. మూడోసారి గట్టిగా చెబుదామనుకునేసరికి మీరు ఇక్కడ మీసం పందెం కాసి వెళ్ళారు. ఇంక నోరెత్తలేదు. మీసం లేకపోతే మీరు అచ్చం మీ మేనత్తలా ఉంటారట కదా. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తీయించుకున్నారట. జన్మలో ఇంకోసారి ఆ మొహం చూడలేను, దాని బదులు వేసవంతా మేడెక్కి దిగడమే నయం అంది."

మాస్టారు మీసం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాలలేదు, గడ్డా కట్టలేదు. ఇక ఈ మనిషి మా బల్ల మీదికి మళ్ళీ రాడేమో, మధ్యాహ్నాలు మాకు ఎలా గడుస్తాయో అని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

అప్పుడాయన ఊపిరి పీల్చారు. ఊరేగింపు మలుపు తిరిగేటప్పుడు పీల్చే ఊపిరి అది.

"విన్నారా?" అన్నారు లేస్తూ. "అందరూ సరిగ్గా విన్నారా? ప్రాణం పోయాక కూడా వేసవంతా నాకు చల్లటి నీళ్ళు తాగించింది మా ఫ్రిజ్. అలాంటిది మీలో ఎవరింట్లోనైనా ఉందా? ఉంటే చేతులెత్తండి. డ్రైవరూ, నీ కొత్తది తెచ్చే బండిలో ఇంకోటి పడుతుందా? దుకాణానికి ఫోను చెయ్యి, రెండోది మా ఇంటికి అని చెప్పు. మోటారు గట్టిదై ఉండాలను, రంగేదైనా ఫరవాలేదు. శ్రుతి మాత్రం నేను స్వయంగా వింటానను."

"ఏది పాడుతోందో చూసి వినండి," అన్నాడు టీ కొట్టాయన.

మాస్టారు వినిపించుకోలేదు. విసవిసా నడిచి వెళ్ళి, తన గుమ్మం దాటి, పక్కనున్న మెట్లెక్కి దర్జీ ఇంట్లోకి వెళ్ళారు. నాలుగింటి దాకా ఆగలేదు. మేమిక్కడ నిలబడి చూస్తూనే ఉన్నాం. కాసేపటికి రెండు చంకల్లో రెండేసి సీసాలతో దిగారు, చొక్కా తడిసిపోయింది, మీసం మళ్ళీ నిగడదన్నుకుని ఉంది. వచ్చి సీసాలు బల్ల మీద టకటకా పెట్టి, అందరికీ గ్లాసుల్లో ఆయనే పోశారు.

"తాగండి. పళ్ళు జివ్వుమన్నాయా లేదా? చెప్పానా లేదా?"

జివ్వుమన్న మాట నిజమే. అందరం తలూపాం. నేను కత్తెర ఊరికే ఒకసారి ఆడించి, "పందెం సంగతేంటి మాస్టారూ, కుర్చీ ఖాళీగానే ఉంది," అన్నాను. ఆయన నావైపు తిరిగి ఏదో పెద్ద సమాధానమే మొదలుపెట్టబోయారు.

ఈలోగా ఆయన గుమ్మంలోంచి మా అందరికీ వినబడేలా మాస్టారి భార్య గొంతు వచ్చింది.

"ఏమండీ, ఆ మీసం జోలికి వెళ్ళకండి. తాగడం అయ్యాక ఆ సీసాలు నింపి, మేడ మీద పెట్టి రండి. కొత్తది వచ్చేదాకా అది మీ పనే."